బిల్డర్ వెళ్లిపోయాక హెచ్‌ఓఏని మనమే నడుపుకోవాలా, కంపెనీకి ఇవ్వాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. టెక్సాస్‌లో 186 ఇళ్ల కొత్త కమ్యూనిటీ. బిల్డర్ తప్పుకుంటున్నాడు, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల అసోసియేషన్) బోర్డు ఇళ్లవాళ్ల చేతికి వస్తోంది, మీరు అందులో ఉన్నారు. బిల్డర్ పెట్టిన మేనేజ్‌మెంట్ కంపెనీ ఇంటికి నెలకు 14 డాలర్లు తీసుకుంటోంది. అంటే ఏడాదికి 31,248. "మనలోనే పాతికమంది సాఫ్ట్‌వేర్ వాళ్లున్నాం, ఒక యాప్ రాసుకుంటే పోయేదానికి ఇంత డబ్బు ఎందుకు తగలెయ్యాలి" అని మీ వాట్సాప్ గ్రూపులో సగం మంది అంటున్నారు. రెండు నెలల్లో కాంట్రాక్టు రెన్యువల్ ఉంది.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, మొదటి రెండేళ్లు ఏదో ఒక కంపెనీ ఉండనివ్వండి. ఇప్పుడున్న కాంట్రాక్టు మాత్రం ఉండనివ్వకండి.

నేను ఈ పని రెండు వైపులా చేశాను. మొదట ఆరేళ్లు 48 టౌన్‌హౌస్‌ల (గోడలు కలిసిన వరస ఇళ్ల) అసోసియేషన్‌కి ట్రెజరర్‌ని. కంపెనీ లేదు, అంతా మేమే. తర్వాత ఐటీ ఉద్యోగం వదిలేసి, సీఎంసీఏ అనే అసోసియేషన్ మేనేజర్ల అర్హత పరీక్ష రాసి, పదకొండేళ్లుగా మేనేజర్‌గా పనిచేస్తున్నాను. కాబట్టి కంపెనీల తరఫున మాట్లాడుతున్నానని అనుకుంటే అనుకోండి, కింద వాటి గుట్టు కూడా విప్పుతాను.

టౌన్‌హౌస్‌ల్లో మేమూ యాప్‌తోనే మొదలుపెట్టాం. నేనే రాశాను. బాగానే పనిచేసింది కూడా. డ్యూస్ (అసోసియేషన్‌కు ఇంటింటా కట్టాల్సిన చందా) కట్టేవాళ్లకు గుర్తు చేసేది, కట్టనివాళ్లకూ గుర్తు చేసేది. కట్టేవాళ్లు కట్టేవారు, కట్టనివాళ్లు కట్టేవారు కాదు. పద్నాలుగు నెలలు కట్టని ఇల్లు సరిగ్గా మా ఎదురిల్లే. వాళ్లమ్మాయీ మా అమ్మాయీ ఒకే కారులో స్కూలుకి వెళ్లేవాళ్లు. బాకీ నోటీసు మీద సంతకం పెట్టాల్సింది నేను. ఆ కవరు మా డైనింగ్ టేబుల్ మీద ఉప్పు డబ్బా పక్కన మూడు వారాలు పడి ఉంది. చివరికి మా ఆవిడే పోస్టు చేసింది. ఆ తర్వాత కారు షేరింగ్ ఆగిపోయింది.

సరే, అది మొహమాటం సంగతి. అసలు తప్పు వేరే చోట జరిగింది. ఆ ఎదురింటాయన మధ్యలో రెండుసార్లు కొంత కొంత కట్టాడు. నేను ఆ డబ్బును ముందు లేట్ ఫీజుకు, జరిమానాలకు సర్దేసి, మిగిలింది డ్యూస్‌లో వేశాను. టెక్సాస్ చట్టం ప్రకారం మామూలుగా జరగాల్సింది తలకిందులుగా. వచ్చిన డబ్బు ముందు పాత డ్యూస్‌కు, తర్వాత ఈ ఏడాది డ్యూస్‌కు, ఆ తర్వాత లాయర్ ఖర్చులకు పోతుంది, జరిమానాలు ఆ వెనకే. పైగా 14 ఇళ్లకు మించిన అసోసియేషన్ అయితే వాయిదాల మీద కట్టే వీలు కల్పించాలి. మేం ఆ మాటే ఎత్తలేదు. లాయర్ ఫైలు చూసి, "మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టండి" అన్నాడు. పద్నాలుగు నెలల లెక్క ఎక్సెల్‌లో తిరగరాశాను.

దానికంటే పెద్ద దెబ్బ వడగళ్ల వాన. టౌన్‌హౌస్ కాబట్టి కప్పులన్నీ అసోసియేషన్‌వే. మొత్తం బీమా విలువ కోటీ 20 లక్షల డాలర్లు. అంతకుముందు ఏడాది వడగళ్లకు డిడక్టబుల్, అంటే నష్టంలో బీమా కంపెనీ ఇవ్వకుండా మనమే భరించాల్సిన భాగం, 10,000 డాలర్లు ఉండేది. రెన్యువల్ కాగితంలో ఆ గడిలో "2" అని ఉంది, పక్కన చిన్న శాతం గుర్తు. ప్రీమియం పెద్దగా పెరగలేదని సంతోషించి సంతకం పెట్టింది నేనే. రెండు శాతం అంటే 2,40,000 డాలర్లు. పెద్ద మరమ్మతుల కోసం దాచుకునే మా రిజర్వ్‌లో ఉన్నది 61,000. మిగతా 1,79,000ని 48 ఇళ్లకు పంచితే ఇంటికి 3,729 డాలర్ల స్పెషల్ అసెస్‌మెంట్, అంటే డ్యూస్ కాక అదనపు వడ్డన. ఆ మీటింగులో ఎవరూ నన్ను తిట్టలేదు. ఒక పెద్దావిడ మాత్రం "నాయనా, నువ్వు మంచివాడివే, కానీ నీకు ఈ పని రాదు" అన్నట్టు మెల్లగా ఏదో అంది. నేను ఈ వృత్తిలోకి రావడానికి ఆ మాట కూడా ఒక కారణం.

మేనేజ్‌మెంట్ కంపెనీలు ఇంతగా ఎందుకు పెరిగాయో తెలుసుకోవాలంటే, ఆ శాతం గుర్తు చూడాల్సిన పని మామూలు ఇళ్లవాళ్ల మీద ఎలా పడిందో చూడాలి. 1970 నాటికి దేశం మొత్తం మీద ఇలాంటి అసోసియేషన్లు పదివేల దాకా ఉండేవి. ఇప్పుడు మూడున్నర లక్షలు దాటాయి, ఏడు కోట్ల మందికి పైగా వాటిలో ఉంటున్నారు. 1961లో ఎఫ్‌హెచ్‌ఏ (ఇంటి అప్పులకు బీమా ఇచ్చే ఫెడరల్ సంస్థ) కాండో ఇళ్ల, అంటే ఒకే భవనంలోని సొంత ఫ్లాట్ల, అప్పులకు కూడా బీమా ఇవ్వడం మొదలుపెట్టాక కాండోలు పెరిగాయి. కాలిఫోర్నియాలో 1978లో ప్రపొజిషన్ 13 వచ్చి ఆస్తిపన్నుకు కళ్లెం వేసింది. చేతిలో డబ్బు తగ్గిన ఊళ్లు బిల్డర్లతో "ఇళ్లు కట్టుకోండి, కానీ ఆ రోడ్లు, పార్కులు, వాన నీటి చెరువులు మీరే చూసుకోండి" అనడం మొదలుపెట్టాయి. మిగతా రాష్ట్రాల్లోనూ కొత్త కాలనీలకు అదే పద్ధతి అలవాటైంది. అంటే ఒకప్పుడు మునిసిపాలిటీ ఇంజనీరు చేసిన పని ఇప్పుడు సాయంత్రం ఆరున్నరకు ఆఫీసు నుంచి వచ్చిన మీలాంటి వాళ్ల నెత్తిన పడింది.

సీఏఐ అనే సంస్థ 1973లో పుట్టింది ఇందుకే, బోర్డులకూ మేనేజర్లకూ ఈ పని నేర్పడానికి. 1976లో ఆదాయపన్ను చట్టంలో అసోసియేషన్ల కోసం ప్రత్యేకంగా ఒక సెక్షన్ పెట్టారు. అసోసియా డాలస్‌లో 1979లో మొదలైంది. టొరంటోకు చెందిన ఫస్ట్‌సర్వీస్ మరో పెద్ద సంస్థ. ఇవి చిన్న చిన్న స్థానిక కంపెనీలను కొనుక్కుంటూ పెరిగాయి. మీ మేనేజర్ మారకుండానే కంపెనీ పేరు మారిపోయిందంటే కారణం అదే. ఇంత పెరిగినా, సీఏఐ లెక్క ప్రకారం ఈరోజుకీ 30 నుంచి 40 శాతం అసోసియేషన్లు సొంతంగానే నడుస్తున్నాయి. కాబట్టి మీ గ్రూపులో వాళ్లు అంటున్నది వింతేమీ కాదు.

ఫ్లోరిడాలో పది యూనిట్లకు మించిన అసోసియేషన్‌నో, ఏడాదికి లక్ష డాలర్లకు మించిన బడ్జెట్ ఉన్నదాన్నో డబ్బు తీసుకుని నడపాలంటే రాష్ట్ర లైసెన్సు ఉండాలి. టెక్సాస్‌లో అది లేదు. ఇక్కడ ఒకరి జుట్టు కత్తిరించాలంటే లైసెన్సు కావాలి, 600 ఇళ్ల రిజర్వ్ డబ్బు చూడటానికి అక్కర్లేదు. అందుకే మేనేజర్ పేరు పక్కన సీఎంసీఏ, ఏఎంఎస్, పీసీఏఎం లాంటి వృత్తి అర్హతలు ఉన్నాయా అని అడగమంటాను. పీసీఏఎం అన్నిటికంటే పెద్దది. ఇవి ఉన్నంత మాత్రాన మంచి మేనేజర్ అని కాదు, కానీ కనీసం డిడక్టబుల్ గడిలో శాతం గుర్తు చూస్తారు.

2021 తర్వాత ఈ రంగం మళ్లీ ఒక మలుపు తిరిగింది. ఆ ఏడాది జూన్ 24న ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో చాంప్లెయిన్ టవర్స్ సౌత్ అనే పన్నెండంతస్తుల కాండో సగం కూలి 98 మంది చనిపోయారు. పూల్ డెక్ కింద కాంక్రీటు దెబ్బతిన్నదని 2018లోనే ఇంజనీరు రాసిచ్చాడు. కోటిన్నర డాలర్ల మరమ్మతుకు బోర్డు ఆమోదం వచ్చేసరికి 2021 ఏప్రిల్ అయింది. మధ్యలో మూడేళ్లు వాదనలు, రాజీనామాలు. ఆ బోర్డులో ఉన్నవాళ్లంతా మనలాంటి ఇళ్లవాళ్లే, ఇరుగుపొరుగుకు చెడ్డకావడం ఇష్టంలేని వాళ్లు. తర్వాత ఫ్లోరిడా చట్టం మార్చింది. మూడంతస్తులు, ఆపైన ఉన్న కాండోలకు రిజర్వ్ స్టడీ (ఏ మరమ్మతు ఎప్పుడొస్తుంది, దానికి ఎంత దాచాలి అనే అంచనా) తప్పనిసరి చేసి, ముఖ్యమైన నిర్మాణ భాగాల రిజర్వ్‌ను ఓటు వేసుకుని ఎగ్గొట్టే పద్ధతి తీసేసింది. మీవి విడి ఇళ్లు కాబట్టి ఆ చట్టంతో మీకు పనిలేదు. కానీ బీమా కంపెనీలు అడిగే ప్రశ్నలు మాత్రం అన్నిచోట్లా పెరిగాయి. ఆ ప్రశ్నలకు జవాబులు రాసేవాళ్లు కావాలి.

ఇక చిన్నాచితకా పనులు. ఏటా ఆదాయపన్ను ఫారం వేయాలి, చాలా అసోసియేషన్లు వేసేది 1120-హెచ్. అందులో డ్యూస్ మీద పన్ను లేదు, రిజర్వ్ మీద వచ్చే వడ్డీకి 30 శాతం ఉంది. 8,000 వడ్డీ వస్తే 100 మినహాయింపు పోను 2,370 డాలర్లు కట్టాలి. టెక్సాస్‌లో మామూలు బోర్డు మీటింగుకు 144 గంటల ముందు నోటీసు ఇవ్వాలి. 60 ఇళ్లు, ఆపైన ఉన్నా, మేనేజ్‌మెంట్ కంపెనీ ఉన్నా, కమ్యూనిటీ పత్రాలు వెబ్‌సైట్‌లో పెట్టాలి. 50,000 డాలర్లకు మించిన కాంట్రాక్టుకు పోటీ కొటేషన్లు పిలవాలి. అసోసియేషన్ వివరాలు తెలిపే మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ కౌంటీలో, రాష్ట్ర రియల్ ఎస్టేట్ కమిషన్ దగ్గర నమోదు చేయాలి. 2024లో అయితే బోర్డు సభ్యుల వివరాలన్నీ ఫెడరల్ ప్రభుత్వానికి ఇవ్వాలని ఒక ఏడాదంతా టెన్షన్ పడ్డాం, 2025 మార్చిలో అక్కర్లేదన్నారు. యాప్ రాయడం వీటన్నిటి కంటే తేలిక. రూలు మారిందని యాప్‌కు చెప్పడమే ఎవరో ఒకరు చేయాల్సిన పని.

ఇప్పుడు కంపెనీల గుట్టు.

మీకు కనిపించే 14 డాలర్లు అసలు ధర కాదు. అది కొటేషన్‌లో గెలవడానికి పెట్టిన ధర. కాంట్రాక్టు చివర్లో షెడ్యూల్ అనో ఎగ్జిబిట్ అనో ఒక పేజీ ఉంటుంది, ముందు అది తెరవండి. నేను ఒకప్పుడు పనిచేసిన కంపెనీలో ఆ పేజీ రెండున్నర పేజీలుండేది. కాపీకి ఇంత, కవరుకు ఇంత, రూలు తప్పినవాళ్లకు పంపే వయొలేషన్ లెటర్‌కు ఇంత, రెండు గంటలు దాటిన మీటింగుకు గంటకు ఇంత, బీమా క్లెయిమ్ వస్తే క్లెయిమ్‌లో ఇంత శాతం, కొత్త కంపెనీకి రికార్డులు అప్పజెబితే దానికీ ఇంత. ఒక అసోసియేషన్‌కి ఏడాది చివర కూర్చుని లెక్కేస్తే, మూల ఫీజు 28,000 ఉంటే పైన పడ్డవి 17,000. బోర్డుకు ఆ సంగతి తెలియదు, ఎందుకంటే పోస్టేజీ ఒక పద్దులో, లీగల్ ఇంకో పద్దులో, అడ్మిన్ మరో పద్దులో చెల్లాచెదురుగా ఉన్నాయి. నేనే ఆ లెక్క బోర్డుకు చూపించాను. ఆ కంపెనీలో నా రోజులు అక్కడితో దగ్గరపడ్డాయనుకోండి.

ఇల్లు అమ్మినప్పుడు ఇచ్చే రీసేల్ సర్టిఫికెట్ ఇంకో ఆదాయం. టెక్సాస్‌లో దానికి 375 డాలర్ల పరిమితి ఉంది. ఆ డబ్బు చాలా కాంట్రాక్టుల్లో అసోసియేషన్‌కు కాక కంపెనీకే పోతుంది. అది తప్పని అనను, పని ఉంటుంది. కానీ బేరమాడేటప్పుడు అది కూడా వాళ్ల ఆదాయమేనని గుర్తుంచుకోండి. అలాగే ల్యాండ్‌స్కేపింగ్, బీమా ఏజెన్సీ, మరమ్మతుల కంపెనీ ఇవేవైనా వాళ్ల సొంతవా అని రాతపూర్వకంగా అడగండి. సొంతవైతే ఆ పనులకు బయట నుంచి కూడా కొటేషన్లు తెప్పించుకోండి.

కంపెనీని ఇంటర్వ్యూ చేసేటప్పుడు చాలా బోర్డులు పోర్టల్ ఎలా ఉంటుంది, యాప్ రేటింగ్ ఎంత అని అడుగుతాయి. నేనైతే ఒక్కటే అడుగుతాను: మాకు ఇచ్చే మేనేజర్ చేతిలో ఇప్పటికే ఎన్ని అసోసియేషన్లు ఉన్నాయి? నా చేతిలో ఒక దశలో తొమ్మిది ఉండేవి, దాదాపు 1,900 ఇళ్లు. పొద్దున కారులో వీధి వీధీ తిరుగుతూ పెరిగిన గడ్డికి, బయట వదిలేసిన చెత్త డబ్బాలకు ఫొటోలు తీయడం, మధ్యాహ్నం బిల్లులు, రాత్రి తొమ్మిదిన్నర దాకా ఎవరిదో ఒకరి బోర్డు మీటింగు. వారంలో మూడు రాత్రులు అలాగే. అలాంటి రోజుల్లో ఒక ఉగాదికి గుమ్మానికి మామిడి తోరణం కట్టుకున్న ఇంటికి "అనుమతి లేని అలంకరణ" అని లెటర్ వెళ్లింది. పంపింది నేను కాదు, నా ఫొటో చూసి ఆఫీసులో ఎవరో ఫారంలో టిక్కు పెట్టారు. కానీ కింద పేరు నాదే. మతపరమైన గుర్తుల్ని ఇంటి దగ్గర పెట్టుకోనివ్వాలని టెక్సాస్ చట్టంలో ఉంది. ముందు గుమ్మం దగ్గర 25 చదరపు అంగుళాల పరిమితి ఉండేది, 2021లో అదీ తీసేశారు. నేను వెళ్లి క్షమాపణ చెప్పాను. ఆ ఇంటాయన తెలుగాయనే. "మీరు కూడానా" అన్నాడు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే తల దించుకుంటాను. మేనేజర్ చెడ్డవాడై కాదు, తొమ్మిది అసోసియేషన్లు ఉండటం వల్ల జరిగే తప్పులివి. తక్కువ ఫీజు కంపెనీ ఆ తేడాను మేనేజర్ నెత్తిన ఇంకో రెండు అసోసియేషన్లు వేసి పూడ్చుకుంటుంది.

డబ్బు విషయంలో మాత్రం ఎవరినీ నమ్మకండి, నన్ను కూడా. బ్యాంకు ఖాతాలు అసోసియేషన్ పేరు మీద, అసోసియేషన్ పన్ను నంబరు మీదే ఉండాలి. రోజువారీ ఖర్చుల ఖాతా వేరు, రిజర్వ్ వేరు. రిజర్వ్ నుంచి డబ్బు కదలాలంటే ఇద్దరు బోర్డు సభ్యుల సంతకం ఉండాలి. బ్యాంకు స్టేట్‌మెంట్ కంపెనీ పంపే పీడీఎఫ్‌లో కాకుండా నేరుగా బ్యాంకు లాగిన్‌లో ట్రెజరర్ చూడాలి. ఒకే బ్యాంకులో 2,50,000 డాలర్లు దాటితే ఎఫ్‌డీఐసీ (బ్యాంకు డిపాజిట్లకు బీమా ఇచ్చే ఫెడరల్ సంస్థ) రక్షణ దాటిపోతుంది. కంపెనీ ఉద్యోగులు చేసే మోసానికి కూడా వర్తించేలా క్రైమ్ ఇన్సూరెన్స్ ఉండాలి. లాస్ వెగాస్‌లో 2003 నుంచి 2009 దాకా ఒక ముఠా బినామీలతో ఇళ్లు కొనిపించి, వాళ్లనే బోర్డుల్లోకి ఎన్నిక చేయించి, మరమ్మతుల కాంట్రాక్టులు తమవాళ్లకే దక్కేలా చూసుకుంది. నలభైమందికి పైగా దోషులుగా తేలారు. అక్కడ దొంగ దారి బోర్డు ఎన్నిక. అంటే కంపెనీ లేకుండా సొంతంగా నడుపుకున్నా ఈ జాగ్రత్తలన్నీ అంతే అవసరం.

బోర్డులో ఉన్నవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కంపెనీ పెట్టుకున్నాం కదా, ఇక మన పని అయిపోయిందనుకుంటారు. బడ్జెట్ ఎంత, ఎవరి మీద కేసు వేయాలి, రిజర్వ్‌లో ఎంత వేయాలి అన్నవి బోర్డు నిర్ణయాలే. మేనేజర్ కాగితం తయారు చేసి పెడతాడు, సంతకం మీది. కోర్టుకు వెళ్తే పేరూ మీదే. ఇంటికి వంటమనిషిని పెట్టుకున్నా, ఇవాళ ఏం వండాలో చెప్పాల్సింది ఇంట్లోవాళ్లే కదా.

ఇక మీ సంగతి. బిల్డర్ నుంచి చేతులు మారే మొదటి ఏడాది సొంతంగా నడపడం ఎంత తెలివైన బోర్డుకైనా కష్టం. పాత రికార్డులు ఎక్కడున్నాయో మీకు తెలియదు, కంపెనీకి తెలుసు. 75 శాతం ప్లాట్లు అమ్ముడయ్యాక 120 రోజుల్లోగా బోర్డులో కనీసం మూడో వంతు ఇళ్లవాళ్లు ఎన్నికవ్వాలని చట్టం. మీ దగ్గర అది సమయానికి జరిగిందా చూడండి. జరగకపోతే అప్పుడు చేసిన ఖర్చుల మీద ప్రశ్నలు అడిగే హక్కు మీకుంది. బిల్డర్ హయాం లెక్కల్ని బయటి సీపీఏతో (లైసెన్సున్న అకౌంటెంట్‌తో) చూపించండి. డిటెన్షన్ పాండ్ (వాన నీటి చెరువు) ఉంటే, బిల్డర్ ఇంకా ఫోన్ ఎత్తుతున్నప్పుడే ఒక సివిల్ ఇంజనీరుతో పరీక్ష చేయించండి. చెరువులో పూడిక తీయడం, ఒడ్డు కోత సరిచేయడం స్విమ్మింగ్ పూల్ కంటే ఖరీదైన వ్యవహారం, చాలామంది బడ్జెట్‌లో దానికి పద్దే ఉండదు. రిజర్వ్ స్టడీ కూడా ఇప్పుడే చేయించండి.

కంపెనీ విషయంలో ఇప్పుడున్నదాంతో పాటు మరో ఇద్దరిని పిలవండి. ముగ్గురికీ గత పన్నెండు నెలల్లో మీ కమ్యూనిటీలో వెళ్లిన లెటర్లు, జరిగిన మీటింగులు, అమ్ముడైన ఇళ్ల సంఖ్య ఇచ్చి, "పైఖర్చులతో సహా ఏడాదికి ఎంతవుతుంది" అని అడగండి. 14 డాలర్లవాడి కంటే 17 డాలర్లవాడు చౌక అని తేలినా ఆశ్చర్యపోకండి. ఏడాది కాంట్రాక్టు, కారణం చెప్పకుండా 60 రోజుల నోటీసుతో రద్దు, రద్దయిన పది రోజుల్లో రికార్డులన్నీ ఉచితంగా అప్పగింత. ఈ మూడు ఒప్పుకోని కంపెనీతో మాట్లాడటం దండగ.

మీ సాఫ్ట్‌వేర్ మిత్రుల్ని కూడా ఊరికే కూర్చోబెట్టకండి. రెండేళ్లు గడిచి, రికార్డులు చక్కబడ్డాక, మూడో దారి ఒకటి ఉంది. లెక్కలు, వసూళ్లు, పన్ను, రీసేల్ సర్టిఫికెట్లు మాత్రం కంపెనీకి ఇచ్చి, ల్యాండ్‌స్కేపర్‌ని, పార్కుని, ఉత్సవాల్ని మీరే చూసుకోవడం. ఇంటికి ఆరేడు డాలర్లతో అయిపోతుంది. 186 ఇళ్లకు, పూల్ లేకపోతే, అది బాగా సరిపోతుందని నా అనుభవం. ఎదురింటివాళ్లకు బాకీ నోటీసు రాసే పని మాత్రం ఎప్పటికీ మీ చేతుల్లోకి తీసుకోకండి.

రెన్యువల్ రెండు నెలల్లో అన్నారు కదా. చాలా కాంట్రాక్టుల్లో నోటీసు ఇవ్వకపోతే దానంతట అదే ఇంకో ఏడాది సాగుతుంది, ఆ నోటీసు గడువు 60 రోజులు కూడా ఉండొచ్చు, 90 కూడా ఉండొచ్చు. మిగతావన్నీ తర్వాత, ఆ క్లాజు ఈ రాత్రికే చూడండి. గడువు ఇంకా ఉంటే మెయిల్ ఒక్కటే పంపి ఊరుకోకుండా సర్టిఫైడ్ పోస్టులో కూడా పంపండి.